బొమ్మ వచ్చిందా? దూరదర్శన్ బాల్యం, బీరువాలో మిగిలిన టేపులు

హైదరాబాద్‌లో నలభై ఐదేళ్లు దాటినవాళ్ల దగ్గర చిన్నప్పటి దూరదర్శన్ ఊసెత్తితే ముందు ఏదో ఒక రాగం తీస్తారు. తర్వాత ఏ రోజో, ఏ టైమో చెబుతారు: ఆదివారం పొద్దున, శుక్రవారం సాయంత్రం. ఆ వెనకే డాబా మీద యాంటెనా వస్తుంది. పైనుంచి "వచ్చిందా?" అని ఒక కేక, కిందినుంచి "పోయింది, పోయింది, వెనక్కి తిప్పు!" అని ఇంకో కేక. సరే, అంత ఇష్టంగా చూసిన సీరియల్లో ఒక్క భాగం కథ మొదట్నుంచి చివరిదాకా చెప్పమంటే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు.

ఇది మతిమరుపు కాదు, లెక్క. అప్పట్లో సీరియళ్లను సాధారణంగా పదమూడు వారాల చొప్పున మంజూరు చేసేవారు. ఇరవై ఆరు వారాలు నడిచిన సీరియల్లో టైటిల్ సంగీతం ఇరవై ఆరుసార్లు వినపడుతుంది, ఏ కథైనా ఒక్కసారే కనపడుతుంది. పునఃప్రసారం అరుదు, రికార్డు చేసుకునే యంత్రం ఇంకా అరుదు. ఒకే మూసలో జరిగిన సంఘటనలను మెదడు విడివిడిగా దాచుకోదు, ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. ప్రతివారం అక్షరం పొల్లుపోకుండా తిరిగొచ్చేది మాత్రం గట్టిగా అంటుకుపోతుంది. ఎల్.వైద్యనాథన్ కట్టిన మాల్గుడి డేస్ టైటిల్ రాగం ఇప్పటికీ నోట ఆడటానికి కారణం ఆయన ప్రతిభ ఎంతో, ఈ లెక్క కూడా అంతే.

అందుకే "అవి నిజంగా అంత బాగుండేవా?" అనే వాదన ఎన్ని గంటలు సాగినా తేలదు. జ్ఞాపకంలో ఉన్నదాంట్లో కార్యక్రమం వాటా తక్కువ. మిగతాదంతా సిగ్నలు, సమయం, గదిలో కూర్చున్న జనం. వీటిని విడదీసి చూస్తే గానీ పోయినదేమిటో, ఇంకా దొరికేదేమిటో తెలియదు.

రామంతాపూర్ కన్నా ముందు

తర్వాత రామంతాపూర్ పేరుతో ముడిపడిన దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. అయితే తెలుగు పిల్లలకు టీవీ అంతకంటే ముందే వచ్చింది, అదీ నగరంలో కాదు, పల్లెల్లో. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు నడిచిన సైట్ అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు నేరుగా ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, తెలుగు నాలుగు ప్రసార భాషల్లో ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. మూడు మీటర్ల డిష్షును కోళ్లగూళ్లకు వాడే జాలీతో కట్టారు. సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా). తర్వాత చాలా ఇళ్లలో ముందుగదికి అలంకారమైన "ఈసీ టీవీ" కూడా ఆ సంస్థదే. విచిత్రమేమిటంటే, తెలుగులో పిల్లల టీవీ మొదలైన ఈ ఏడాది గురించి నాస్టాల్జియా మాటల్లో ఒక్క ముక్క వినపడదు. చూసినవాళ్లు పల్లెటూరి బడిపిల్లలు, ఇప్పుడు జ్ఞాపకాలు రాస్తున్నవాళ్లు పట్నంవాళ్లు.

మన ఉపగ్రహం ఇన్‌శాట్-1బి 1983 ఆగస్టులో పైకి వెళ్లాక విద్యా ప్రసారాలు మళ్లీ వచ్చాయి. హైదరాబాద్‌లోని రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ బడిపిల్లల కోసం తెలుగులో కార్యక్రమాలు తీసేది. బడి వేళల్లో వచ్చేవి కాబట్టి, బడిలో టీవీ ఉంటే, అది పనిచేస్తే, ఆ టైముకు కరెంటు ఉంటే చూసేవారు. వీటి గురించి గుర్తుచేసుకునేది ఎక్కువగా ఆ రోజుల్లో జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్న పిల్లలే.

నగరంలో ఎక్కువమంది చెప్పుకునేవి మాత్రం ఢిల్లీ నుంచి వచ్చిన హిందీవి: 1985లో ఆదివారం సాయంత్రాల విక్రమ్ ఔర్ బేతాల్, ఆ తర్వాత మాల్గుడి డేస్, 1990ల్లో హిందీ మాటలు పెట్టిన జపాన్ జంగిల్ బుక్, 1997 సెప్టెంబరు నుంచి శక్తిమాన్. కార్యక్రమాల మధ్య ఖాళీల్లో వచ్చిన "ఏక్ అనేక్ ఔర్ ఏక్తా" ఫిలింస్ డివిజన్ కోసం విజయ ములే 1974లో తీసిన ఏడు నిమిషాల బొమ్మల చిత్రం. తెలుగు కాని పాట అయినా తెలుగిళ్లలో నోటికి వచ్చింది. ఇక్కడ హైదరాబాద్‌కు ఒక సౌకర్యం ఉంది. గల్లీలో క్రికెట్ ఆడుతూ దక్కనీ ఉర్దూ పట్టేసిన పిల్లలకు బేతాళుడి హిందీ అడ్డం రాలేదు. జిల్లాల్లో అలా కాదు. 1984 తర్వాత వరసగా వెలిసిన వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి ఢిల్లీ కార్యక్రమాలే దిక్కు. అక్కడి పిల్లలు బొమ్మ చూసి కథ ఊహించుకున్నారు. ఒకే సీరియల్ గురించి హైదరాబాద్ మనిషీ, జిల్లా మనిషీ వేర్వేరు కథలు చెప్పుకుని ఇద్దరూ తామే కరెక్టని పట్టుబట్టడం ఇందువల్లే.

డాబా మీది అల్యూమినియం

యాంటెనాలో మూడు రకాల కడ్డీలు ఉంటాయి. వెనక పొడవాటి రిఫ్లెక్టర్, మధ్యలో మడతపెట్టిన డైపోల్, ముందు క్రమంగా పొట్టివయ్యే డైరెక్టర్లు. డైపోల్ పొడవు తరంగంలో సగం. 60 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల చానళ్లకు అది రెండున్నర మీటర్లకు దగ్గరగా, 200 దగ్గర ముప్పావు మీటరు. పొట్టి కడ్డీల వైపు ట్రాన్స్‌మిటర్‌ను చూడాలి, అంటే హైదరాబాద్‌లో రామంతాపూర్ వైపు. తిరగేసి బిగించిన యాంటెనాలు ఎన్నో డాబాల మీద ఏళ్ల తరబడి ఉన్నాయి. టవర్‌కు దగ్గర ఇళ్లు కాబట్టి అయినా బొమ్మ వచ్చేది.

అక్కణ్నుంచి దిగే చదును రిబ్బన్ వైరు 300 ఓములది. తర్వాత వచ్చిన సెట్లకు 75 ఓముల సాకెట్. మధ్యలో ఈ రెంటినీ జతపరిచే బాలన్ అనే చిన్న ముక్క పెట్టకుండా నేరుగా తగిలిస్తే సిగ్నల్లో కొంత వెనక్కి తిరిగిపోతుంది. రిబ్బన్ వైరు వానకు తడిసినా, ఇనుప గ్రిల్లుకు ఆనించి కట్టినా బలం తగ్గుతుంది. వాన పడితే బొమ్మ పోవడానికి మబ్బులను తిట్టినవాళ్లు ఎక్కువ. అసలు దోషి చాలాసార్లు ఆ వైరు.

హైదరాబాద్ ప్రత్యేకత నీడ బొమ్మ. గుట్టలూ బండలూ, ఆపైన ఎత్తుకు లేస్తున్న భవనాలూ. టవర్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నలుతోపాటు గుట్టకు కొట్టుకుని వచ్చింది కూడా యాంటెనాకు తగులుతుంది, కాస్త ఆలస్యంగా. ఎంత ఆలస్యమో తెరమీద కొలవొచ్చు. తెరపై ఒక గీత ఎడమనుంచి కుడికి గీయడానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది. ఇరవై అంగుళాల తెర వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. సిగ్నలు మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. అంటే గుట్ట చుట్టి వచ్చిన సిగ్నలు 300 మీటర్లు అదనంగా తిరిగితే, అసలు బొమ్మకు కుడివైపు ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో పలచని రెండో బొమ్మ. విక్రమార్కుడి భుజం మీద బేతాళుడితోపాటు ఇంకో విక్రమార్కుడు కూడా ఉన్నట్టు కనిపించడానికి కారణం ఇదే. బూస్టర్ పెడితే నీడ పోదు, అది రెండు బొమ్మలనూ పెంచుతుంది. నాలుగు డిగ్రీలు తిప్పితే పోవచ్చు. పిల్లల్ని డాబా ఎక్కించడం వెనకున్న శాస్త్రం ఆ నాలుగు డిగ్రీలే.

యూట్యూబ్‌లో ఎందుకు వెలవెలబోతాయి

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో లాక్‌డౌన్ వేళ రామాయణం, శక్తిమాన్ వంటివి మళ్లీ ప్రసారమయ్యాయి. ఆ ఏప్రిల్‌లోనే డీడీ రెట్రో చానల్ కూడా వచ్చింది. చాలా ఇళ్లలో పిల్లలు పది నిమిషాలు చూసి లేచిపోయారు, పెద్దలు నొచ్చుకున్నారు. నెమ్మదైన కథనం, చవక సెట్లు అన్నవి సులువుగా దొరికే సమాధానాలు. సాంకేతిక కారణం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మన టీవీ ప్రసారాలు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. కానీ ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా వచ్చేది, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. స్టూడియో వీడియో కెమెరాలో ఆ రెండు సగాలూ వేర్వేరు క్షణాలవి. అంటే కదలిక సెకనుకు 50 మెట్లలో కనిపించేది. పాత గాజు తెర దాన్ని అలాగే చూపించేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్న చాలా కాపీల్లో రెండేసి సగాలను కలిపి 25 చేశారు. సగం కదలిక గల్లంతు. చేయి ఊపితే అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు. దానికితోడు 4:3 బొమ్మను 16:9కు సాగదీస్తే ముఖాలన్నీ మినపరొట్టెల్లా పరుచుకుంటాయి. చిన్నప్పుడు చూసింది ఇంతకంటే బాగుండేదని ఎవరైనా అంటే, కనీసం ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట నిజమే.

ఢిల్లీ సీరియళ్లకైతే మాస్టర్ టేపులు చాలావరకు ఉన్నాయి, ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్‌లో కొన్నింటిని పెడుతోంది కూడా. చిక్కు స్థానిక కార్యక్రమాలతో. స్టూడియోలో పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి చేసిన పాటలు, పొడుపుకథలు, చేతిపనులు. టేపు ఖరీదైన కాలంలో ప్రసారమైన క్యాసెట్ మీదే మళ్లీ రికార్డు చేయడం ప్రపంచమంతటా టీవీ సంస్థల్లో మామూలు. కార్యక్రమాల మధ్య ప్రత్యక్షంగా చదివే ప్రకటనల్ని అసలు ఎవరూ రికార్డే చేయరు. కాబట్టి తెలుగులో ఏమైనా మిగిలి ఉంటే అది ఎక్కువగా ఇళ్లలోనే, 1982 ఆసియా క్రీడల తర్వాత కొన్న వీసీఆర్‌లో, పెళ్లి క్యాసెట్ల పక్కన.

క్యాసెట్‌ను యంత్రంలో పెట్టేముందు

బీరువా మీదో, అటక మీదో దొరికిన వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్‌ను నేరుగా డెక్‌లో, అంటే క్యాసెట్ ఆడించే యంత్రంలో, తోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ముందు కిటికీలోంచి రీలు చూడాలి. చుట్ల అంచు మీద తెల్లని పొడిలాంటి పూత ఉంటే బూజు. జులై నుంచి సెప్టెంబరు దాకా నగరంలో ఉండే తేమకు, గాలి ఆడని అల్మారాలకు ఇది మామూలే. బూజు క్యాసెట్ ఆడిస్తే టేపును చదివే హెడ్‌లు మూసుకుపోవడమే కాదు, ఆ డెక్‌లో తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అంటుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో వారం పదిరోజులు పెడితే బూజు ఎండి పొడిగా మారుతుంది. అప్పుడు ఆరుబయట, మాస్క్ కట్టుకుని, నూగు రాలని మెత్తటి గుడ్డతో తుడవాలి.

తర్వాత క్యాసెట్ పక్కనున్న చిన్న మీట నొక్కి ముందు మూత ఎత్తి టేపు అంచులు చూడాలి. ఈ ఒక్క చూపుతో ఏమి వస్తుందో, ఏమి రాదో ముందే చెప్పొచ్చు. మామూలు శబ్దం టేపు పై అంచున సన్నని గీతలో ఉంటుంది. కింది అంచున కంట్రోల్ ట్రాక్ ఉంటుంది, హెడ్‌లు ఎప్పుడు ఎక్కడ తగలాలో యంత్రానికి చెప్పేది అదే. పై అంచు ముడతపడితే బొమ్మ వస్తుంది, మాట అటూఇటూ తూలుతుంది. కింది అంచు ముడతపడితే హెడ్‌ల వరస సరిచేసే ట్రాకింగ్ మీట ఎంత తిప్పినా బొమ్మ నిలవదు.

క్యాసెట్ వెనక ఎడమ మూలనున్న చిన్న ప్లాస్టిక్ పలక ఇంకా ఉంటే విరిచేయాలి. అది ఉన్నంతవరకు పొరపాటున రికార్డు బటన్ తగిలితే అంతా పోయినట్టే. పెంకు పగిలితే ఐదు స్క్రూలు విప్పి రీళ్లను మంచి పెంకులోకి మార్చుకోవచ్చు, మధ్యనుండే స్ప్రింగు ఎగిరిపోకుండా చూసుకుంటే చాలు.

డెక్ విషయానికొస్తే, కొత్తవి తయారు కావడం లేదు. ఎర్రగడ్డ సంతలోనో, జుమేరాత్ బజార్‌లోనో దొరికేవాటిని విలువైన క్యాసెట్‌తో పరీక్షించకూడదు. "నమిలేసింది" అనే జబ్బుకు కారణం ఎక్కువగా లోపలి రబ్బరు. రీలు తిప్పే ఐడ్లర్ టైరు గట్టిపడి జారుతుంది. టేపు బయటికి వస్తూనే ఉంటుంది, చుట్టుకునే రీలు మాత్రం తిరగదు. ఆ సడలింపు వెళ్లి రోలర్ల మధ్య ఇరుక్కుంటుంది. బెల్టులు, టైరు మార్చి, అక్కరలేని సినిమా క్యాసెట్‌ను రెండు గంటలు ఆడించి చూశాకే అసలుది పెట్టాలి. కొన్ని విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరకొచ్చు, పాత సెట్టును కోసి తీసుకోవాల్సిరావచ్చు కూడా.

హెడ్ శుభ్రం చేయడానికి కొత్త నోటు అడ్డంపెట్టి రుద్దడం అప్పటి వీడియో పార్లర్ల చిట్కా. హెడ్ అంటే యంత్రంలో గిర్రున తిరిగే డ్రమ్ము అంచున వెంట్రుకంత బయటికి పొడుచుకొచ్చిన ఫెర్రైట్ ముక్క. గరుకు కాగితానికి అరుగుతుంది, దూదిపుల్లతో కిందికీ పైకీ రుద్దితే విరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన షామీ తోలును డ్రమ్ముకు కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి.

చివరగా, ఏళ్లుగా కదలని టేపును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి చుట్టాలి. బిగుసుకున్న చుట్లు సమానమవుతాయి. 180 నిమిషాల క్యాసెట్‌లో దాదాపు 258 మీటర్ల టేపు ఉంటుంది. మధ్యలో మోటారు చప్పుడు మారితే అక్కడే ఆపేయాలి.

కంప్యూటర్లోకి

డెక్‌ను కంప్యూటర్‌కు కలిపే చవక యూఎస్‌బీ ముక్కలతో వచ్చే ప్రధానమైన ఇబ్బంది ఫ్రేములు జారిపోవడం. వీహెచ్‌ఎస్ డ్రమ్ము సెకనుకు సరిగ్గా 25 సార్లు తిరగాలి, పాత యంత్రంలో కొద్దిగా తడబడుతుంది. టీవీ ఆ తడబాటును సర్దుకుంటుంది, కంప్యూటర్ సర్దుకోదు. ఫ్రేము వదిలేస్తుంది, శబ్దం మాత్రం సాగిపోతుంది. గంట తర్వాత పెదవి ఒకచోట, మాట ఒకచోట. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే గీతల సమయాన్ని సరిచేసి పంపే పరికరం. విడిగా కొనలేకపోతే, లోపల కొంతైనా ఆ పని చేసే డీవీడీ రికార్డర్ గుండా సిగ్నలు పంపితే చాలా వరకు నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో పాల్ ఎంచుకోకుండా అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ వదిలేస్తే బొమ్మ నలుపు తెలుపుగానో, పైకి పరుగెడుతూనో వస్తుంది. టేపు పాడైందని అప్పుడే తీర్మానించకూడదు.

720×576 కొలతలో, రెండు సగాలు విడివిడిగా ఉండగానే, నాణ్యత తగ్గని హఫ్‌వైయూవీ లేదా ఎఫ్‌ఎఫ్‌వీ1 రూపంలో దాచాలి. గంటకు 30 నుంచి 40 గిగాబైట్ల చోటు పడుతుంది. చూడ్డానికి వేరే కాపీ చేసుకోవచ్చు, అప్పుడు 25 కాకుండా 50 ఫ్రేములుగా విప్పాలి. పైన చెప్పిన పోయిన సగం కదలిక అలా తిరిగొస్తుంది. 240 గీతల వీహెచ్‌ఎస్ స్పష్టతను యాప్‌లతో 4కేకి పెంచితే ముఖాలకు మైనం పూసినట్టవుతుంది. నీడ బొమ్మ రికార్డయిపోయి ఉంటే అది పోదు. గుట్ట ఎంత దూరంలో ఉందో ఆ టేపులో ఉండిపోతుంది, అంతే.

అందరికీ పంచాలనుకుంటే చట్టం చూసుకోవాలి. మన కాపీరైటు చట్టంలో ప్రసార సంస్థకుండే పునరుత్పత్తి హక్కు 25 ఏళ్లు, సినిమాగా లెక్కకు వచ్చే చిత్రీకరణకు 60 ఏళ్లు. 1987లో వచ్చిన సీరియల్‌కు మొదటిది తీరిపోయింది, రెండోది 2047 చివరిదాకా ఉంటుంది. ఇంట్లో దాచుకోవడం వేరు, చానల్‌లో పెట్టడం వేరు.

తేదీ రాయని క్యాసెట్లే ఎక్కువ. వాటి కాలం తేల్చడానికి కార్యక్రమం కంటే దాని చుట్టూ ఉన్న చెత్తే ఎక్కువ పనికొస్తుంది. ఏడు గంటల తెలుగు వార్తలు కనిపిస్తే 1983 నవంబరు 14 తర్వాతది, శాంతిస్వరూప్ మొదటిసారి తెలుగు వార్తలు చదివింది ఆ బాలల దినోత్సవం రోజునే. మహాభారతం ముక్క ఉంటే 1988 అక్టోబరు, 1990 జూన్ మధ్యది. దూరదర్శన్ తెలుగు చానల్ పేరు కూడా చెబుతుంది: డీడీ8 గుర్తు ఉంటే 2003కు ముందుది, సప్తగిరి అని ఉంటే 2003 తర్వాతది, యాదగిరి అని ఉంటే రాష్ట్రం విడిపోయాకది. సబ్బు ప్రకటన, రాబోయే కార్యక్రమాల పట్టీ, "అంతరాయానికి చింతిస్తున్నాం" పలక, అన్నీ ఆధారాలే. డిజిటైజ్ చేసేవాళ్లు ముందు కత్తిరించేది వీటినే. సీరియల్ ఇంకోచోట దొరకొచ్చు. ఆ పలక తర్వాత మౌనంగా గడిచిన మూడు నిమిషాలు ఇంకెక్కడా దొరకవు.

పైగా ఇళ్లలో ఒకే క్యాసెట్ మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసేవారు. మూడు గంటల క్యాసెట్‌లో పెళ్లి వీడియో రెండుంపావు గంటలకు అయిపోతుంది. అప్పగింతలు, కారు కదలడం, తర్వాత చుక్కలు. అందరూ అక్కడే ఆపి వెనక్కి చుట్టేస్తారు. ఆపకూడదు. ట్రాకింగ్ ఒకసారి తూలి, రంగు మారి, దానికింద అంతకుముందు ఎప్పుడో రికార్డు చేసినది మధ్యలోంచి మొదలవుతుంది. ముప్పావు గంట టేపు ఇంకా ఉంది.